మొక్కజొన్న చేలలో మన్ను కాపాడుకొనుట

"దుక్కి కొద్దీ పంట" అని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట అనుభవము మీద పుట్టినది గనుక దీనిని త్రోసిపుచ్చుట తగదు. దున్నిన నేల గుల్లయగును; వాననీరు లోనికి దిగును; కలుపు నశించును; మొలక వేరు సులువుగా పాదుకొనును. అందువలననే పలుమారులు దున్నువాడు మంచి రైతనియు, దున్నక విత్తువాడు సోమరియనియు మన పల్లెలలో ఒక అభిప్రాయము స్థిరపడియున్నది. అయితే ఈ మాట పుట్టిన కాలమున దుక్కి యనగా ఒక జత యెద్దులు, ఒక మడక. ప్రొద్దు పొడిచినది మొదలు శ్రమించినను ఒక దినమున ఎకరము దున్నుట కష్టముగా నుండెడిది. సాలుకును సాలుకును నడుమ కొయ్యకాళ్లు కొన్ని మిగిలియే యుండెడివి. నేడు ట్రాక్టరు వెనుక రోటవేటరు కొద్దిసేపు తిరిగిన చాలును, చేనంతయు పిండియగుచున్నది. చూచుటకు ఆ చేను ఎంతో సొంపుగా నుండును. కాని ఆ పిండివంటి మన్ను మీద మృగశిర కార్తె వాన ఒక్కటి బలముగా పడినచో ఏమి జరుగునో ఆలోచించువారు తక్కువ. మొక్కజొన్న వేయు మెట్టచేలలో ఈ నష్టము ఎట్లు కలుగుచున్నదో, దుక్కిని తగ్గించి చేనికి కప్పు నిలుపుట వలన దానిని ఎట్లు అరికట్టవచ్చునో ఇచట వివరింపదలచితిమి.

నంద్యాల జిల్లాలోని రుద్రవరము మండలమును ఉదాహరణముగా తీసికొందము. తూర్పున నల్లమల కొండలు గోడవలె నిలిచియున్నవి. పడమట కుందునది పారుచున్నది. కొండల పాదమున గులకరాళ్లు కలిసిన ఎర్రనేలలు. పడమటికి పోయిన కొలది నల్లరేగడి. నేల వాలు మొత్తము మీద కొండ నుండి నది వైపునకే. వక్కిలేరు మొదలుగా గల వాగులును, పేరు లేని వంకలును కొండనీటిని ఆ వాలు వెంబడి దింపుచుండును. తెలుగుగంగ కాలువ నీరు అందిన చోట వరియు, ఇతర మాగాణి పైరులును పండును. ఆ నీరు అందని మెట్టలలో రైతు ప్రత్తిని, మొక్కజొన్నను, కందిని వాననే నమ్ముకొని వేయును. ఆ వాన ఒక్కొక్కయేడు చాలకపోవును. ఒక్కొక్కయేడు ఒక్క రాత్రిలోనే ఊళ్లు ముంచును. 2019 సెప్టెంబరులో కుందు పొంగి నంద్యాల ప్రాంతమంతయు అతలాకుతలమైనది. మహానంది క్షేత్రములోనికి సైతము వరదనీరు వచ్చినది. అటువంటి వానలలో నదులు ఎర్రగానో నల్లగానో పారుట అందరును చూచినదే. ఆ రంగు నీటిది కాదు. అది మన చేలలోని మన్ను.

ఇచట మరియొక విషయము గమనింపదగినది. అదే వాన నల్లమల అడవి మీదను పడుచున్నది. కొండవాలు చేని వాలుకంటె ఎంతో నిటారైనది. అయినను దట్టమైన అడవి నుండి వచ్చు సన్నని వాగునీరు చాలవరకు తేటగానే యుండును. అడవిని ఎవరును దున్నలేదు, గట్లు వేయలేదు. దానిని కాపాడుచున్నది చెట్ల వేళ్లును, నేల మీద పరచుకొనిన ఆకులును. నల్లమలలోని చెట్లు చాలవరకు ఎండకాలమున ఆకు రాల్చు జాతులవి. శీతకాలపు చివర నుండి రాలిన ఆకు వేసవి అంతయు నేల మీద పడియుండి, తొలకరి నాటికి భూమికి దుప్పటివలె అమరియుండును. అనగా వాన బలముగా వచ్చు వేళకు ప్రకృతి నేలకు కప్పు సిద్ధము చేసి యుంచుచున్నది. మనము సరిగా ఆ వేళకే మన చేనిని దిగంబరముగా చేసి వానకు అప్పగించుచున్నాము. వేసవిలో ఆ ఆకు కార్చిచ్చుకు ఆహుతియైన కొండవాలు తొలకరికి ఎట్లు కోసుకొనిపోవునో, కొయ్యకాళ్లు తగులబెట్టిన చేనును అట్లే కోసుకొనిపోవును.

మన్ను కొట్టుకొనిపోవుట పారు నీటితో మొదలగునని సామాన్యముగా అనుకొందురు. నిజమునకు అది పడు చినుకుతోనే మొదలగును. పెద్ద వానచినుకు అయిదు మిల్లీమీటర్ల లావుండి, సెకనుకు సుమారు తొమ్మిది మీటర్ల వేగముతో నేలను తాకును. ఇది గంటకు ముప్పది కిలోమీటర్లకు మించిన వేగము. చినుకొక్కటి చిన్నదే యైనను, ఒక ఎకరము మీద ఇరువది అయిదు మిల్లీమీటర్ల వాన పడినచో అది సుమారు లక్ష లీటర్ల నీరు. ఇంత నీరు కోట్లకొలది చిన్న సుత్తులవలె మన్నును కొట్టుచున్నదని ఊహించుకొనవలెను. ఆ దెబ్బకు మట్టిగడ్డలు పగిలి పొడియగును. ఆ పొడి నేలలోని సన్నని రంధ్రములలో దూరి వాటిని మూసివేయును. ఎర్రనేలలలో ఎండిన పిమ్మట అదియే పెచ్చు కట్టును. రంధ్రములు మూతపడిన నేలలోనికి తరువాతి వాన దిగజాలదు, పైననే పారును. పారుచు పైమన్నును, అందులోని సత్తువను వెంట గొనిపోవును. కాబట్టి నీరు పారిన తరువాత దానిని ఆపుటకంటె, చినుకు మన్నును కొట్టకుండ చూచుట మొదటి పని.

పోవునది ఎంతయో లెక్క చూతము. ఒక ఎకరము మీద ఒక్క మిల్లీమీటరు మందమున మన్ను పోయినచో అది నాలుగు ఘనపు మీటర్లు. తూకమునకు అయిదు టన్నులకు పైమాట. ఒక మిల్లీమీటరు లోటు కంటికి ఆనదు. రైతు మరుసటియేడు కూడ అదే చేనిని చూచుచున్నానని అనుకొనును. కాని రెండు ట్రాక్టరు ట్రాలీలకు దగ్గరగా మన్ను గట్టు దాటి పోయినది. అదియును అడుగు మన్ను కాదు. పెంటయు, ఎరువును, ఆకును కలిసి యేండ్ల తరబడి కూడిన పైపొర. భారతదేశమున మొత్తము మీద సాలుకు హెక్టారు ఒక్కింటికి సగటున 16 టన్నులకు పైగా మన్ను కదలిపోవుచున్నదని 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అను శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. ఒక అంగుళపు మన్ను తనంతట తాను ఏర్పడుటకు వందల ఏండ్లు పట్టును. తాతలు కూడబెట్టిన సొమ్మును మనుమడు తెలియకయే ఖర్చు పెట్టుచున్నట్లు ఈ లెక్క తేలుచున్నది.

ఈ నష్టము అన్ని పైరులలోను ఒక్క తీరుగ నుండదు. మొక్కజొన్నలో హెచ్చు. దీనికి కారణములు స్పష్టముగానే యున్నవి. మొక్కజొన్న వరుసలు రెండడుగుల ఎడముగా నుండును. విత్తిన మొదటి నెలలో మొక్క చిన్నది. వరుసల నడుమ నేల అంతయు బయలే. ఆకులు కలిసి నేలను కప్పుటకు నలుబది దినములు పట్టును. మృగశిరలోనో ఆరుద్రలోనో విత్తిన చేనికి ఈ నలుబది దినములును సరిగా వానలలోనే గడచును. వేరుశనగవలె నేల మీద పరచుకొనునది కాదు. వరివలె మడి కట్టి నీటిలో నిలుపుటకు వీలైనది కాదు. పైగా నీరు నిలిచిన మొక్కజొన్న పసుపెక్కి గిడసబారును గనుక, రైతు వాలు వెంబడి సాళ్లు తీసి నీటిని త్వరగా బయటకు పంప యత్నించును. ఆ సాలే మరునాటికి మన్ను కొనిపోవు కాలువ యగును.

నల్లరేగడిలో వేరొక చిక్కు కలదు. రాయలసీమ రేగడి చేలలో చాలమంది రైతులు వానకాలమున ఏ పైరును వేయక, గుంటక తోలుచు కలుపు లేకుండ ఉంచి, ఉత్తర, హస్త కార్తెలలో జొన్నయో శనగయో విత్తుట పూర్వాచారము. తడి రేగడిలో పని సాగదు గనుకను, తడిని దాచుకొనవలెను గనుకను ఈ ఆచారము ఏర్పడినది. కాని దాని ఫలితముగ సంవత్సరమునందు హెచ్చు వాన పడు నెలలలోనే నేల బోడిగా నుండుచున్నది. నీటిని దాచవలెనని చేసిన పని మన్నును పోగొట్టుచున్నది.

పోయిన మన్ను ఎచటికి చేరుచున్నది? కుందు కడప జిల్లాలో పెన్నలో కలియును. పెన్న మీద నెల్లూరు జిల్లాలో సోమశిల జలాశయము కలదు. ఈ ప్రాంతపు ఆయకట్టుకు ఆధారమైన కర్నూలు–కడప కాలువకు తుంగభద్ర నీరు కావలెను. 1953లో నీరు నింపిన నాడు తుంగభద్ర జలాశయపు నిలువ సుమారు 133 టి.ఎం.సి. తరువాతి కొలతలలో అది దాదాపు 105 టి.ఎం.సి.లకు తగ్గినట్లు తేలినది. తగ్గిన స్థలమును ఆక్రమించినది పూడిక. ఆ పూడిక ఎగువనున్న చేల మన్ను. ఒకరి చేను కోసుకొనిపోయినచో వేరొకరి కాలువకు నీరు తగ్గుచున్నది. కాబట్టి ఇది ఒక రైతు సొంత వ్యవహారము మాత్రమే కాదు.

ఈ సంగతి మన ప్రభుత్వములు ఎరుగనిది కాదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున 1949లోనే సమతలపు గట్ల నిర్మాణమునకై ఒక చట్టము చేయబడినది. 1954లో బళ్లారిలో కేంద్రప్రభుత్వము భూసంరక్షణ పరిశోధన కేంద్రమును స్థాపించినది. దత్తమండలముల రేగడి నేలలకు ఏమి తగునో అచట పరిశోధింపబడినది. గట్లు వేయుట మంచిదే. కాని గట్టు పారు నీటికి అడ్డు; పడు చినుకుకు కాదు. గట్టునకును గట్టునకును నడుమనున్న చేను బోడిగా నున్నచో, మన్ను చేనులోనే పై నుండి క్రిందికి జరుగును. గట్టు దగ్గర మేటవేసి, ఎగువ చెక్క బక్కచిక్కును. గట్టు తెగినచో ఆ మేటయు పోవును. అందువలన గట్టుతో పాటు కప్పు కూడ కావలెను.

కప్పు యొక్క విలువను లోకము గట్టి దెబ్బ తిని నేర్చుకొనినది. అమెరికాలో 1930 ప్రాంతములలో మైదానపు గడ్డిబీళ్లను విస్తారముగా దున్ని గోధుమ వేసిరి. పిదప అనావృష్టి వచ్చినది. దున్నిన మన్ను గాలికి లేచి 1934 మేలో రాజధాని వాషింగ్టను, న్యూయార్కు నగరములను దాటి సముద్రము మీదికి పోయినది. మరుసటి యేడు అచట భూసంరక్షణ శాఖ యేర్పడినది. 1943లో ఎడ్వర్డ్ ఫాక్‌నర్ అను నతడు, నేలను తిరుగవేయు నాగలియే రైతుకు శత్రువని వాదించుచు ఒక గ్రంథము వ్రాసి సంచలనము కలిగించెను. 1962లో కెంటకీ రాష్ట్రమున హ్యారీ యంగ్ అను రైతు ఒక ఎకరమునకు లోపు చెక్కలో దున్నకయే మొక్కజొన్న విత్తి పండించెను. ఆ చిన్న చెక్కయే దున్నని సేద్యమునకు నాందియైనదని ఆ దేశస్థులు చెప్పుకొందురు. అచట మొదట దున్నక వేసిన పైరు మొక్కజొన్నయే యగుట మనము గుర్తుంచుకొనదగినది.

మన తెలుగుదేశమున సైతము ఇట్టి అనుభవము లేకపోలేదు. కృష్ణా, గుంటూరు మండలముల డెల్టా పొలములలో వరి తరువాత మినుము చల్లుట ఆచారము. మినుమునకు పల్లాకు తెగులు, బంగారుతీగ కలుపు సోకి నష్టము హెచ్చగుటచే, ఈ శతాబ్ది మొదటి దశకము నుండి అచటి రైతులు వరి కోసిన మడిలోనే, దున్నకయే, తడి యారకముందే గుంతలు చేసి మొక్కజొన్న విత్తనములు నాటసాగిరి. దుక్కి ఖర్చు తగ్గినది. దున్నుటకై ఆగవలసిన దినములు కలిసివచ్చినవి. పంటయు చక్కగా పండినది. ఆ పొలములు సమతలముగా నుండును గనుక అచట మన్ను కోతను గూర్చిన చింత లేదు. అయినను దున్నని నేలలో మొక్కజొన్న పండదను భయమును ఆ రైతులు పోగొట్టిరి. మన మెట్టలకు కావలసినది వారి ధైర్యమునకు తోడుగా ఒక పొర చొప్ప.

ఆ పొర ఎందుకు తప్పనిసరియో ఇక్రిశాట్ సంస్థ పరిశోధనలు చెప్పుచున్నవి. 1972లో హైదరాబాదు చెంత పటాన్‌చెరులో నెలకొనిన ఈ సంస్థ, 1988లో ఎర్రనేల మీద దున్నిన మడులను, దున్నని మడులను, గడ్డి కప్పిన మడులను ప్రక్కప్రక్కనే పెట్టి పోల్చుట ఆరంభించినది. గడ్డి కప్పిన చోట నీరు తక్కువగా పారినది. దున్నక, కప్పును వేయక విడిచిన చోట నీరు హెచ్చుగా పారినది. దున్నిన చోట లాభము కనబడినను, అది కొన్ని వానలతో తీరిపోయినది. అనగా దుక్కి మానుట ఒక్కటియే విరుగుడు కాదు. కప్పు లేక దుక్కి మానినచో ఎర్రనేల పెచ్చుకట్టి మరింత చెడును. ఈ రెండును జోడెడ్లవలె కలిసి నడువవలెను.

నల్లరేగడి విషయమై అదే సంస్థ 1976 నుండి జరుపుచున్న దీర్ఘకాలపు ప్రయోగము ప్రసిద్ధమైనది. ఒక ప్రక్క పూర్వాచారము ప్రకారము వానకాలమున బీడుంచి పిదప ఒక పైరు వేసిరి. రెండవ ప్రక్క స్వల్ప వాలుతో వెడల్పైన బోదెలు, కాలువలు తీసి, నీరు మెల్లగా పోవుటకు గడ్డి పెంచిన దారులు ఏర్పరచి, మేలైన విత్తనమును ఎరువును వాడి, వానకాలమునందే మొక్కజొన్న లేక జొన్నను కందితో కలిపి వేసిరి. పాత పద్ధతిలో హెక్టారునకు సగటున సాలుకు 6.4 టన్నుల మన్ను పోగా, కొత్త పద్ధతిలో 1.5 టన్నులు మాత్రమే పోయినది. పంట పాత పద్ధతిలో 1.1 టన్నులు, కొత్త పద్ధతిలో 5.1 టన్నులు. ఇందు మేలైన విత్తనము, ఎరువు చేసిన సాయమును మరువరాదు. అయినను వానకాలమున నేల మీద పైరు పచ్చగా నిలిచినచో మన్నును నిలుచును, గింజయు పెరుగునని ఈ లెక్క రుజువు చేయుచున్నది.

ఇక మన చేనిలో చేయవలసిన పనులను వరుసగా చెప్పుదుము. మొదటిది కోతనాడే మొదలగును. కంకులు విరిచిన పిమ్మట దంటును మొదలంట కోయక, మోకాలి ఎత్తున కొయ్యకాలు విడువవలెను. మిగిలిన దంటులో కొంత చేనిలోనే పరచవలెను. దానిని తగులబెట్టుట ఏ విధముగను తగదు. నిప్పు ఒక్క గడియలో కాల్చునది వచ్చు తొలకరికి మన గొడుగు. వీలున్నచో దంటును ముక్కలు చేయు యంత్రముతో నలుగగొట్టించిన కప్పు సమముగా పడును, విత్తుటకు అడ్డు రాదు. ఎకరమునకు ఒక టన్నుకు తగ్గకుండ చొప్ప నేల మీద నిలుచునట్లు చూచుకొనవలెను. అది చాలనిచోట కందికట్టె, గట్ల మీది గిరిపుష్పము కొమ్మలు, కానుగ రెమ్మలు తోడు చేయవచ్చును. అడవి ఆకును మాత్రము తేరాదు. అది కొండకు కప్పు.

రెండవది దుక్కి. మూడు నాలుగు మారులు దున్ని రోటవేటరు తోలుట మాని, అవసరమున్నచోట ఒకమారు మాత్రమే, అదియును వాలుకు అడ్డముగా, కొయ్యకాళ్లు పూర్తిగ పూడిపోకుండ పైపైన దున్నవలెను. వీలున్న రైతు విత్తు వరుస మేరకే నేలను కదలించి, నడిమి భాగమును ముట్టక విడువవలెను. విత్తు సాళ్లు కూడ వాలుకు అడ్డముగనే యుండవలెను. అపుడు ప్రతి సాలును ఒక చిన్న గట్టువలె పనిచేయును. కొన్ని సాళ్లకు ఒకటి చొప్పున గొడ్డుసాలు తీసినచో హెచ్చు నీరు అందు నిలిచి మెల్లగా ఇంకును. నీరు బయటకు పోవలసిన దారిలో గరికను గాని వట్టివేరును గాని నాటవలెను. నీరు పోవును, మన్ను నిలుచును. రేగడిలో నీరు నిలిచి మొక్కజొన్నకు కీడు కలుగకుండ, స్వల్ప వాలుతో బోదెలు తీసి వాటి మీద విత్తుట మేలు.

మూడవది తోడుపంట. రెండు సాళ్ల మొక్కజొన్నకు ఒక సాలు కంది వేసినచో, మొక్కజొన్న కోసిన పిమ్మట కూడ చేను బోడిగా నుండదు. కంది వేరు లోతుగా దిగి గట్టి పొరలను చీల్చును. రాలిన ఆకు నేలకు కప్పును, ఎరువును అగును. అలసంద, మినుము వంటివి త్వరగా ప్రాకి మొదటి నెలలోని బయలును మూయును. ఆంధ్రప్రదేశమున ప్రకృతి సేద్యము చేయు రైతులు కొందరు తొలకరికి ముందే పొడినేలలో నవధాన్యములు చల్లి, ఏడాది పొడవునను నేల మీద ఏదియో యొక పచ్చదనము నిలుపుచున్నారు. పేరు ఏదైనను సూత్రము ఒక్కటే: నేల బోడిగా నుండరాదు.

కప్పు చాలినదో లేదో తెలిసికొనుటకు తేలికైన ఉపాయము కలదు. పొడవైన త్రాటికి సమానమైన ఎడముతో నూరు ముళ్లు వేసి, విత్తిన పిమ్మట చేనిలో సాళ్లకు ఏటవాలుగా లాగి పట్టవలెను. పై నుండి చూచుచు ఎన్ని ముళ్ల క్రింద చొప్ప ఉన్నదో లెక్కింపవలెను. ముప్పది ముళ్ల క్రింద చొప్ప కనబడినచో చేనులో నూటికి 30 పాళ్లు కప్పు ఉన్నదన్నమాట. సంరక్షణ దుక్కి యనిపించుకొనుటకు శాస్త్రజ్ఞులు పెట్టిన కనీసపు హద్దు ఇదియే. ఈ మాత్రపు కప్పుతోనే మన్ను కోత బోడిచేనిలో జరుగుదానిలో సగమునకు దగ్గరగా తగ్గును. కప్పు పెరిగిన కొలది కోత ఇంకను తగ్గును. ఇంటిలోని పిల్లలు సైతము ఈ లెక్క చేయగలరు.

ఇంతవరకు చెప్పినది విని, "చొప్ప అంతయు చేనికి వేసినచో పశువులు ఏమి తినును?" అని రైతులు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. వేసవిలో మేత లేక ఎద్దులను అమ్ముకొనిన ఇండ్లు మన సీమలో ఎన్నియో కలవు. దీనికి మా సమాధానము: పశువును మాడ్చి చేనిని మేపుమని చెప్పుట లేదు. దంటులో పై భాగమే మెత్తన, పశువు ఇష్టముగా తినునది అదియే. మొదటి మోకాలెత్తు భాగము గట్టిది. పెట్టినను పశువు చాలవరకు విడుచును. పై రెండు వంతులు పశువునకు, క్రింది వంతు నేలకు అని పంచుకొనినచో ఇరువురికిని గడచును. కోత కాగానే ఊరి మందలను చేలలోనికి విచ్చలవిడిగ తోలు ఆచారము ఉన్నచోట, ఏ చేలు కప్పుకై విడువబడినవో ఊరివారందరు కూడి నిర్ణయించుకొనవలెను. ఒక్కని చేనికి ఒక్కడు కాపు కాయుట అసాధ్యము.

రెండవ ప్రశ్న కలుపు. దుక్కి తగ్గించిన మొదటి రెండేండ్లు కలుపు హెచ్చుట నిజమే. కప్పును, తోడుపంటయు దానిని కొంత అణచును. మిగిలినది దంతెతోను చేతితోను తీయవలసినదే. కలుపుమందు వాడువారు ఒక్క విషయము మరువరాదు: మొక్కజొన్నలో వాడు అట్రజిను అపరాలను చంపును; కావున కంది, మినుము కలిపిన చేనిలో దానిని చల్లరాదు. కోస్తాలో దున్నని మొక్కజొన్నకు ముందు వాడుచు వచ్చిన పారాక్వాటు అను మందు మనుష్యుని లోపలికి పోయినచో దానికి విరుగుడు లేదు. ఇండ్లలో పిల్లలకు అందు చోట దానిని ఉంచుట ప్రాణాపాయము. గ్రామ వ్యవసాయ సహాయకుని అడిగి తెలిసికొననిదే ఏ మందును వాడరాదు.

మూడవ ప్రశ్న పురుగులు. 2018లో మన దేశమున కనబడిన కత్తెరపురుగు మొక్కజొన్నకు గొప్ప శత్రువైనది. దాని కోశస్థదశ మట్టిలో గడచును గనుక వేసవిలో లోతుగ దున్నుమని సలహా చెప్పుదురు. మేము చెప్పు పద్ధతికి ఇది విరుద్ధముగా తోచును. పురుగు ఉధృతముగా నుండిన చేనిలో ఆ యేటికి లోతుదుక్కి తప్పనిసరి కావచ్చును. అట్టి యెడ వాలుకు అడ్డముగా దున్ని, పెళ్లలను పగులగొట్టక అట్లే విడిచి, తొలకరికి తోడుపంటతో నేలను వెంటనే కప్పవలెను. ఏటేట మొక్కజొన్న మీద మొక్కజొన్న వేయక అపరాలతో మార్చినచో పురుగునకును, కాండము కుళ్లునకును బలము తగ్గును. ఎర్రనేలలో చొప్పకు చెదలు పట్టు భయము కలదు; మొక్క మొదలుకు ఆనకుండ సాళ్ల నడుమనే కప్పు పరచవలెను. పచ్చి చొప్ప కుళ్లునపుడు నేలలోని నత్రజనిని కొంత తానే వాడుకొనును గనుక తొలిదశలో పైరు పసుపెక్కవచ్చును. విత్తునపుడే కొంత నత్రజనిని గింజకు ప్రక్కగా, కప్పు క్రింద పడునట్లు వేసినచో ఈ లోపము తీరును.

అన్నింటికంటె కఠినమైన ప్రశ్న మరియొకటి కలదు. మన మెట్టచేలను దున్నువారిలో చాలమంది కౌలుదారులు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము ఒప్పందపు కాలము పదునొకండు మాసములు. కప్పు వేసిన ఫలితము పూర్తిగ కనబడుటకు రెండు మూడేండ్లు పట్టును. వచ్చే యేడు ఈ చేను తనదో పరులదో తెలియనివాడు, అమ్మినచో నాలుగు రూపాయలు వచ్చు చొప్పను నేలకు ఎందుకు విడుచును? అతనిని తప్పుపట్టుట న్యాయము కాదు. మన్ను పోయినచో తరుగునది భూస్వామి ఆస్తియే. కాబట్టి కొయ్యకాలు విడిచిన కౌలుదారునకు కౌలులో కొంత తగ్గించి, అదే చేనిని మూడేండ్లు అతనికే ఇచ్చుట యజమానికి నష్టము కాదు. తన భూమికి తాను వేయు గట్టు అది. పట్టణములలో నుండి రేడియో వినుచు, ఊరిలో పొలము కౌలుకిచ్చిన కుటుంబములు ఈ మాటను ప్రత్యేకముగ ఆలోచింపవలెనని కోరుచున్నాము.

ఈ పద్ధతిని ఒక్కసారిగా చేనంతటికి వర్తింపజేయుమని మేము చెప్పము. అరయెకరము చాలును. ఒకే వాలులో ప్రక్కప్రక్కన రెండు చెక్కలు తీసికొని, ఒకదానిని ఎప్పటివలె దున్ని, రెండవదానికి కప్పు నిలిపి, వాలు చివర చిన్న గుంట ఒక్కొక్కటి త్రవ్వి చూడవలెను. పునర్వసు, పుష్యమి కార్తెలలో గట్టివాన పడిన మరునాడు రెండు గుంటలలోని నీటి రంగును, అడుగున చేరిన మన్ను మందమును చూచినచో, ఇచట చెప్పినది ఎంతవరకు నిజమో రైతునకు తన కన్నులే చెప్పును. ఆగస్టులో పదిదినములు వాన మొగము చాటుచేసినపుడు ఏ చెక్కలో ఆకు ముందుగ చుట్టుకొనునో కూడ గమనింపవలెను. మన్నును ఆపిన కప్పు తడిని కూడ ఆపును. ఎండిన మెట్టలో ఆ తడియే కంకిలో గింజ.

"దుక్కి కొద్దీ పంట" యన్న మాట అబద్ధము కాదు. దుక్కి యనగా నేలను పంటకు సిద్ధము చేయుట. వానకు కరగిపోవునట్లు పిండి చేయుట సిద్ధము చేయుట కాదు. వాన వచ్చు వేళకు నేల మీద ఒక పొర చొప్ప, వాలుకు అడ్డముగా ఒక సాలు, వరుసల నడుమ ఒక తోడుపంట యున్న చేనే నిజమైన దుక్కి యెరిగిన రైతు చేను.